వాసన చూసిన పూలు

పూలు చూస్తే మనసు తేలికపడుతుందని అంటారు. ఎవరి మనసో ముందు చెప్పమనండి. ఎవరు పెట్టుకోవాలి, ఎవరు ముట్టుకోవాలి, ఎవరు వాసన కూడా చూడకూడదు అని ఇన్ని కట్టుబాట్లు పెట్టుకున్న మనుషులు మళ్లీ పూల గురించి తీయతీయగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

మాది పొదటూరుపేటలో మగ్గాల వీధి. డెబ్బైల నాటి మాట. నాన్న గుంటమగ్గంలో కాళ్లు దించి కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. అమ్మ రాట్నం దగ్గర కండెలు చుట్టేది. పగలంతా ఆమెను పలకరించాలంటే మాకు భయం, అంత విసుక్కునేది. సాయంత్రం పూలామె వీధిలో కేక వేసిందా, రాట్నం వదిలేసి లేచి, ముఖం కడుక్కుని, మూరెడు మల్లెపూలు జడలో పెట్టుకునేది. అక్కడి నుంచి ఆమె వేరే మనిషి. అడిగితే కథ చెప్పేది, అడగకపోయినా ముద్దు పెట్టుకునేది. ఆ మూరెడు పూల కోసం నేనూ వీధి అరుగు మీద కూర్చుని పూలామె దారి చూసేదాన్ని.

ఇంట్లో అవ్వ ఉండేది, నాన్నను కన్నతల్లి. ఇరవై రెండేళ్లకే మొగుడు పోతే ఆ రోజు తీసేసిన పూలు మళ్లీ పెట్టుకోలేదు. దేవుడి పూలు మాత్రం ఆమే కట్టేది. కట్టవచ్చట, పెట్టుకోకూడదట. ఏం న్యాయమో!

నాన్న ఏటా ఆడికృత్తిక పండక్కి మొక్కుగా తిరుత్తణి కొండకు పూలకావడి ఎత్తేవాడు. ఆ పూలను ఎవరూ వాసన చూడకూడదు. చూస్తే అవి ఎంగిలి, ఎంగిలి పూలు దేవుడికి పెడితే ఇంటికి కీడు. కట్టేవాళ్లు కూడా ముఖం పక్కకు తిప్పుకునే కట్టాలి. పిల్లలం మేము పూలబుట్ట పక్కన నడవాల్సి వస్తే ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు, కృత్తిక నాడు తెల్లవారుతుండగా దొడ్డి వైపు వెళ్లాను. వెనక వసారాలో అవ్వ ఒక్కతే ఉంది, ఒడిలో కావడికి కట్టిన సామంతి దండ. దాన్ని రెండు చేతులా ఎత్తి ముఖమంతా అందులో దూర్చేసింది. కళ్లు మూసుకుంది. ఎంతసేపు అలా ఉండిపోయిందో! తల ఎత్తినప్పుడు ఆ ముఖం మా అవ్వది కాదు, ఎవరో పడుచుపిల్లది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఒక్క తూరేనే," అంది. "ఎవురికీ చెప్పొద్దు మే."

చెప్పనని తలూపాను. ఆమెను చూస్తే జాలేసింది మరి.

ఆ మధ్యాహ్నం కొండ మెట్ల మీద, జనం తొక్కిడిలో, వాన తడికి నాన్న కాలు జారింది. కావడితో సహా పది మెట్లు దొర్లాడు. మోకాలు చితికిపోయింది. మగ్గం తొక్కే కాలు అది. తడి మెట్టును, వెనక నుంచి తోసిన జనాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. మరునాడు మా వీధి పెద్ద వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇది దైవకుత్తం, సామికి జరిగిన తప్పు. ఎవురో పూలు వాసన చూసుండారు. యాడ పెట్టింటిరి బుట్ట? ఎవురు ముట్టినారు?"

అవ్వ నా వైపు చూడలేదు.

"నేను కట్టి పెట్టినాను సామీ. నీళ్లు చల్లి ఎత్తిపెట్టింది కోడలే. దానికి పూల పిచ్చి ఉండాదని వీధికంతా తెలుసు కదా."

అమ్మ ఏడ్చింది. పిల్లల మీద ఒట్టు పెట్టింది. వింటేగా! నాన్న లేచి, కొండెక్కి, ఆ కావడి చెల్లించేదాకా ఆమె తలలో పూలు పెట్టకూడదని పెద్దాయన చెప్పేసి వెళ్లాడు. అదీ ఆయన పెద్దరికం! నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అవ్వ వేళ్లు కొంగును మెలిపెడుతున్నాయి. నేను నోరు విప్పలేదు.

నాన్న కాలు వంకరగానే అతుక్కుంది. మగ్గం ఎలాగో తొక్కాడు కానీ కొండ మెట్లు మాత్రం ఎక్కలేకపోయాడు. దాంతో అమ్మ శిక్షకు గడువే లేకుండా పోయింది. పూలామె మా గడప దగ్గరికి వచ్చేసరికి కేక ఆపేసి నడిచేది. అమ్మ దీపాల వేళకు కూడా రాట్నం దగ్గరే ఉండేది. కథలు లేవు, ముద్దులు లేవు. మొగుడు బతికుండగానే కోడల్ని తనలాగే చేసి కూర్చోబెట్టింది మా ముసలిది. నేను ఆమెతో మాట్లాడడం మానేశాను. నా మీద నాకున్న కోపం కూడా ఆమె మీదే తీర్చుకున్నాను.

ఎనభైల్లో, నా పెళ్లయిన మరుసటి ఏడు అవ్వ పోయింది. నేను పుట్టింటికి వెళ్లేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. అమ్మ ఒక సామంతి దండ తెచ్చింది. మెడలో వేయకుండా అవ్వ ముక్కు దగ్గర పెట్టింది.

"చూసుకోత్తా. తనివితీరా చూసుకో. ఇంక నిన్ను అడిగేదెవురు?"

శవాన్ని ఎత్తాక దొడ్లో అమ్మ చేతులు పట్టుకున్నాను.

"అమా, నీకు తెలుసునా?"

"ఆ పొద్దు ఆమె ముక్కు కొసన పచ్చంగా పుప్పొడి ఉండె. నాకు కండ్లు లేవా?"

"మరి ఆ పెద్దాయన ముందర చెప్పుండొచ్చు కదా!"

"కోడలు అత్త మీదకి తోస్తా ఉందంటారు. నా మాట ఎవురు నమ్ముతారు?" అమ్మ చేతులు విడిపించుకుంది. "నువ్వు దొడ్డి వాకిట్లో నిలబడుకోనుంటివి. నిన్నూ చూస్తిని. నువ్వు చెప్తావని కాచుకోనుంటిని. రెండేండ్లు కాచుకోనుంటిని మే. ఆపైన మానుకుంటిని."

కొంగు దోపుకుంటూ, "పో, తలకి పోసుకో. లోపల పిలస్తా ఉండారు," అంది.