ఖాళీ ఉయ్యాల

మనవరాలి ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే కొత్త కాగితం వాసన వస్తుంది. చిన్నప్పుడు నాకు ఆ వాసన తెలియదు. నేను అక్షరాలు దిద్దిందే పిల్లల పెళ్ళిళ్ళయ్యాక. నిన్న సాయంత్రం అందులో నాలుగు బొమ్మలు చూపించింది: కొబ్బరిచెట్టు, కుక్కతోక, గోడ గడియారం లోలకం, ఉయ్యాల. ఒక్కోదానికి ఒక్కో మాట రాయాలట.

"అన్నీ ఊగేవే కదే, ఒకటే రాసి పడెయ్" అన్నాను.

"అలా కుదరదు అమ్మమ్మా. పాపని పడుకోబెట్టడానికి మనం ఊపితే రాక్. ఊరికే ఊగుతుంటే స్వింగ్. ఇందులో పాప లేదు, ఖాళీ ఉయ్యాల. ఏది రాయను?"

పుస్తకం దగ్గరికి లాక్కుని ఆ ఖాళీ ఉయ్యాల బొమ్మ మీద వేలు పెట్టాను.

కడియం దగ్గర పూలతోటల మధ్య మాది తాటాకిల్లు. ముసురు పట్టిన రోజుల్లో తడిసిన తాటాకూ, పొయ్యి పొగా, కనకాంబరాల బుట్టలో పరిచిన పచ్చి అరిటాకూ కలిసిన వాసనలో, దూలానికి అమ్మ పాత చీరతో కట్టిన ఉయ్యాలలో తమ్ముడు పడుకునేవాడు. దాని తాడు నా కాలి బొటనవేలికి కట్టి అమ్మ పూలు కోయడానికి వెళ్ళేది. నేను చేతులతో మాల కడుతూ కాలితో ఊపేదాన్ని. నాకు బడి లేకపోవడానికి కారణం అదే.

అట్లతద్ది నాడు గోరింటాకు పండిన చేతులతో ఆడపిల్లలంతా మామిడితోటలో ఉయ్యాలలూగుతుంటే, వాళ్ళ కేకలు వింటూ నేను ఇంట్లో తమ్ముడికి కాపలా. అమ్మ వాడికి నీళ్ళు పోయడానికి పెరట్లోకి తీసుకెళ్ళగానే, ఉక్రోషం ఆగక ఆ ఖాళీ ఉయ్యాలను దూలానికి తగిలేలా ఊపాను. మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, చూసింది.

"ఓసి నీ చేతులు పడిపోనూ! ఖాళీ ఉయ్యాల ఊపుతారటే? పిల్లాడికి కీడు!"

వారం తిరక్కుండా తమ్ముడికి జ్వరం తగిలింది. నాలుగో రోజు పోయాడు. వచ్చినవాళ్ళందరికీ మామ్మ నన్ను చూపించి, "ఇదిగో, ఇదే ఊపింది" అని చెప్పింది. అమ్మ అక్కడే గోడకానుకుని కూర్చుంది. అవునని అనలేదు. కాదనీ అనలేదు. కొన్నాళ్ళకి చీర ముడి విప్పి, ఉతికి ఆరేసి, మళ్ళీ పూలకి వెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ పోయేదాకా ఒకే ఊళ్ళో బతికాం. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇప్పుడా పూలతోటలు నర్సరీలయ్యాయి. తాటాకిల్లు లేదు, మామిడితోట లేదు, అట్లతద్దికి అట్లు కూడా బజారు నుంచే వస్తున్నాయి. ఇదంతా నిన్న మొదటిసారి నోరు విప్పి మనవరాలికి చెప్పాను. అది పెన్సిలు నోట్లోంచి తీసి నా వైపు చూసింది.

"ఉయ్యాల ఊపితే ఎవరైనా చచ్చిపోతారేంటి అమ్మమ్మా? జ్వరమొచ్చి పోయాడు."

ఎంత తేలిగ్గా అనేసింది! ఆ ఒక్క మాట అమ్మ నోట వినాలని చూసీ చూసీ ఇంత ముసలిదాన్నయ్యాను.