దీర్ఘం తీసి కొమ్ము పెట్టండి

అవతలి ఒడ్డు ఆసుపత్రిలో మాస్టారు పోయారని మంగళవారం మొదటి ఫెర్రీలో వచ్చినవాళ్లు చెప్పారు. మా దీవిలోని బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర అప్పుడే చేపల తట్ట దించాను. దించినదాన్ని మళ్లీ ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది.

మాస్టారు మా పక్కింటాయన. బడిలో తెలుగు చెప్పేవారు. మొప్ప ఎత్తి చూడనిదే చేప కొనేవారు కాదు. ఒకసారి నిన్నటి ఐసు చేపను ఇవాళ్టిదని ఇచ్చాను. మొప్ప చూశారు.

"బేరానికి ఒక ప్రిన్సిపుల్ ఉండాలమ్మా."

"ప్రిన్సిపాల్ గారికా బాబూ? ఆరికి రేపు మంచిది ఏరి తెస్తాను."

అరుగు మీద కూలబడి మరీ నవ్వారు. ఆ మాట లాటిన్ అనే పాత భాషలోంచి వచ్చిందట. 'మొదలు' అని అర్థమట. మా గోడకున్న వల చూపించి అన్నారు: "వల అల్లేటప్పుడు మొదటి ముడి వేస్తావు చూడు, అదీ ప్రిన్సిపుల్. అది జారితే మిగతావి ఎంత బిగించినా వల నిలవదు."

నిన్నటి చేపను నిన్నటిదనే చెప్పి అమ్మడం ఆ రోజు మొదలుపెట్టాను.

తర్వాత పైవాళ్లు ఆయన్ను ప్రిన్సిపాల్‌ని చేస్తామన్నారు. అందుకు బదులుగా, బడికి రాని పిల్లలు వచ్చినట్టు హాజరుపట్టీలో సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. కుర్చీ ఇంకొకరికి పోయింది.

"సంతకవే కదా బాబూ, ఎట్టీస్తే ఏటి పోనాది?" అని నేనే అడిగాను.

"మొదటి ముడి పోతుందమ్మా."

ఇప్పుడు జెట్టీలో ఆయన ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. కోడలు చదివింది: 'ప్రిన్సిపాల్ ఉన్న మాస్టారికి నివాళి'. కట్టిన కుర్రాడిని నిలదీశాను.

"అరే దాదీ, ఒక్క అక్షరమే కదా. చలేగా!"

"ఏటి చలేగా? ఏటి నడిసిపోతాది? ఆ కుర్చీ కాదనుకున్న మనిషిరా! సచ్చాక దాన్నే మెడకి కడతావా?"

ఫ్లెక్సీ కట్టించిన పెద్దలారా, నేను అడిగేది ఇంతే. పెద్దకర్మ లోపు ఆ 'పా'కు దీర్ఘం తీసి కొమ్ము పెట్టండి. నేర్చుకోమని ఆయన ఎంత పోరినా ఒక్క అక్షరం నేర్వలేదు. ఈ కొమ్ము మాత్రం నిన్న కోడలి చేత దిద్దించుకున్నాను. గాలంలా వంకరగా ఉంటుంది.

ఇవాళ పొద్దున్నే పడవకు వేసే నల్లరంగు పట్టుకుని నేనే వెళ్లాను. ఆ అక్షరం దాకా చెయ్యి అందలేదు. ఫోటో కింద సిమెంటు మీదే ఆ కొమ్ము వేశాను. ఫెర్రీ దిగినవాళ్లు దాన్ని తొక్కుకుంటూ పోయారు.