సినిమాకో అబద్ధం

నేను రివ్యూలు రాస్తాను. అన్ని సినిమాలకూ కాదు. అంతరిక్ష నౌకలు, డ్రాగన్లు, మాయలు, మరమనుషులు ఉన్నవాటికే. జపాన్ యానిమేలు, వీడియో గేములు, ఆ బాపతు నవలల గురించి కూడా రాస్తుంటాను. దెయ్యాల సినిమాలకు మాత్రం నా దగ్గర ఎప్పుడూ మార్కులు తక్కువే. తలుపు దానంతట అదే తెరుచుకుంటే నాకు ఆవలింత వస్తుంది. కుర్చీ ఊగితే ఫోన్‌లో టైము చూసుకుంటాను. దెయ్యాల మీద నమ్మకం లేకపోవడమే కాదు, నమ్మేవాళ్ళంటే కాస్త చులకన కూడా ఉండేది.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరైనా సినిమాగా తీస్తే అందరికంటే ముందు చీల్చి చెండాడేది నేనే. అయినా జరిగింది జరిగినట్టు చెప్తాను. ఒక్క ముక్క కూడా కలపను. ఎందుకు కలపనో చదివితే మీకే తెలుస్తుంది.

మాది కొవ్వూరు. వంతెన దాటితే రాజమండ్రి. అక్కడ బజారులో మాకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. నాన్న, బాబాయి కలిసి నడిపేవారు. బాబాయికి నలభై ఏళ్ళు రాకముందే నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయాయి. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. చూపు పోయినా కొట్టుకు రావడం మానలేదు. బిందె గానీ గంగాళం గానీ చేతికిస్తే, వేలి ఉంగరంతో రెండుసార్లు టక్ టక్‌మని కొట్టి మోత వినేవాడు. ఎక్కడైనా సన్నటి బీట ఉంటే చెప్పేసేవాడు. కళ్ళున్న నాన్నకు కనపడని బీటలు బాబాయికి వినపడేవి. ఆ విషయంలో నాన్నకు కొంచెం ఉక్రోషం కూడా ఉండేది.

బాబాయికి జానపద సినిమాలంటే ప్రాణం. చూపు పోయాక అమ్మ టీవీలో కుటుంబ కథలు పెట్టేది, మాటలు వింటే అర్థమైపోతాయని. ఆయనకు అవి అస్సలు గిట్టేవి కావు.

“ఏడుపులు వినడానికి సినిమా ఎందుకు వదినా, మనింట్లో లేవా ఏంటి?” అనేవాడు. తర్వాత నా వైపు తిరిగి, “అమ్మడూ, నువ్వు ఆ ఎగిరే గుర్రం ఎలా ఉందో చెప్పు” అనేవాడు.

అలా పదేళ్ళ వయసులో మొదలుపెట్టాను. గుర్రం రెక్కలు, రాక్షసుడి గోళ్ళు, నౌక లోపలి దీపాలు, అన్నీ చెప్పేదాన్ని. ఇంగ్లీషు సినిమా అయితే మాటలు తెలుగు చేసి చెప్పాలి. యానిమే అయితే కింద పడే అక్షరాలు చదువుతూ బొమ్మ కూడా చెప్పాలి, ఊపిరాడేది కాదు. పెద్దయ్యాక నేను గేములు ఆడుతుంటే పక్కన కూర్చుని దారులు చెప్పేవాడు. ఎడమ గుహలోంచి గాలి చప్పుడొస్తోంది, అటు పద అనేవాడు. చాలాసార్లు అదే సరైన దారి అయ్యేది. నా రివ్యూలు చదివితే కళ్ళకు కట్టినట్టు ఉంటాయని కొందరు మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాది కాదు.

మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. అది పెట్టింది కూడా ఆయనే.

“గుడ్డోడికి అందరూ మంచి మాటలే చెప్తారమ్మా. చొక్కా బాగుందంటారు, ఒళ్ళు బాగుందంటారు. నిజమేంటో తెలిసి చావదు. నువ్వు అలా చెయ్యకు. సినిమాకి ఒక్క అబద్ధం చెప్పు, నేను పట్టుకుంటా. సినిమా బయట మాత్రం ఒక్కటి కూడా వద్దు.”

అప్పట్నుంచి సినిమాకో అబద్ధం. డ్రాగన్‌కు లేని మూడో కొమ్ము తగిలించేదాన్ని. రాకుమారి పచ్చ చీర కట్టిందంటే నీలం అని చెప్పేదాన్ని. మరుక్షణం కుర్చీ చేతి మీద ఉంగరం రెండుసార్లు మోగేది. టక్ టక్. ఎలా తెలుస్తుంది బాబాయ్ అనడిగితే, నీ గొంతు బీటపడ్డ బిందెలా పలుకుతుందే అని నవ్వేవాడు. పాతికేళ్ళలో నా అబద్ధాలు రెండో మూడో తప్పించుకున్నాయేమో. కొవ్వూరులో పాత హాలు ఉన్నన్నాళ్ళూ అక్కడి ఇనప కుర్చీల మీద ఆ చప్పుడు హాలంతా వినపడేది. గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన, ఈ రోజు అమ్మాయిగారు ఎక్కడ దొరికిపోయారండీ అని మమ్మల్ని ఆటపట్టించేవాడు.

పోయినేడు బాబాయికి గుండె జబ్బు బయటపడింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. చేసినా బతికే అవకాశం తక్కువని, చెయ్యకపోతే అసలే లేదని డాక్టరు మాకు విడిగా చెప్పాడు. ఆ మాట బాబాయికి చెప్పొద్దని నాన్న అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. నా మాటైతే నమ్ముతాడని.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఉంగరం అప్పటికే తీసి నాన్నకు ఇచ్చారు. ఒక చేతికి సెలైన్ సూది, కదలకుండా చెక్కకు పెట్టి కట్టేశారు. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను.

“డాక్టరు ఏమన్నారమ్మా?” అనడిగాడు.

“చిన్న ఆపరేషనే బాబాయ్. వారంలో ఇంటికెళ్ళిపోతాం. ఆ ముసలి నావికుడి సినిమా వస్తోంది కదా, వెళ్దాం.”

నా గొంతు ఎలా పలికిందో నాకు తెలుసు. టక్ టక్ కోసం నా ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. ఆ చప్పుడు రాలేదు.

“అయితే చివరి వరసలో గోడ పక్కన తీసుకో. నువ్వు గుసగుసలాడితే జనం తిడతారు” అన్నాడు. అంతే. ఆసుపత్రి వాళ్ళు వచ్చి ఆపరేషన్‌కు తీసుకెళ్ళిపోయారు. రెండో రోజు తెల్లారేసరికి బాబాయి లేడు.

ఏడుపు కొన్నాళ్ళకు తగ్గింది. ఈ ప్రశ్న మాత్రం తగ్గలేదు. నేను చెప్పింది ఆయన నమ్మాడా? నమ్మితే, జీవితమంతా నిజం చెప్పమని ఒక్క నన్నే అడిగిన మనిషిని నేను ఆఖరి రోజున మోసం చేసి పంపించాను. కొట్లో ఎవరు బిందె మోగించినా నాకు ఇదే గుర్తొచ్చేది. రివ్యూలు రాయడం కూడా మానేశాను.

రెండు నెలల తర్వాత ఆ సినిమా విడుదలైంది. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. రాజమండ్రిలో కొత్తగా కట్టిన హాలు, మామూలు రోజు, మ్యాట్నీ. చివరి వరసలో గోడ పక్క రెండు సీట్లు తీసుకున్నాను. నా వరసలో ఇంకెవరూ లేరు. రెండు వరసల ముందు ఒకావిడ, వాళ్ళ పిల్లలు. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేనే వందసార్లు లెక్క చూసుకున్నాను కాబట్టి.

సినిమా మొదలైన పది నిమిషాలకు నా పెదాలు వాటంతట అవే కదిలాయి. పక్క సీటు వైపు వంగి చెప్పడం మొదలుపెట్టాను. సిగ్గేసింది. అయినా మానలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా అనుకున్నాను, ఈసారి ఒక్క అబద్ధం కూడా చెప్పనని. ఆసుపత్రిలో చెప్పింది చాలు.

కథ చిన్నదే. నక్షత్రాల మధ్య ఒక స్థావరంలో ముసలి నావికుడు ఒక అనాథ పిల్లను పెంచుతాడు. చివర్లో అతను తిరిగిరాని ప్రయాణానికి వెళ్ళాలి. పొడుగాటి తెల్లటి దారి, ఆ కొసన నౌక తలుపు. ఇటు అద్దం వెనక ఆ పిల్ల. అతను నడుస్తున్నాడు. నేను ఏడుస్తూనే చెప్తున్నాను. తలుపు దాకా వెళ్ళాడు బాబాయ్. ఆగాడు. వెనక్కి తిరిగి పిల్ల వైపు చూశాడు.

టక్ టక్.

నా పక్క సీటు చేతి మీద. నా రెండు చేతులూ ఒళ్ళో రుమాలు నలుపుతున్నాయి. రెండు వరసల ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, “ఆ చప్పుళ్ళేంటండీ, కాస్త చూడనివ్వండి” అంది. అంటే ఆవిడకు కూడా వినపడింది.

దీపాలు వెలిగాక ఆ సీటంతా తడిమాను. ఏమీ లేదు. సీటు చెయ్యి మెత్తటి రెగ్జిన్. నా గాజుతో కొట్టి చూస్తే దబ్ మని మొద్దు చప్పుడొచ్చింది. నేను విన్నది ఇనుము మీద మోగినట్టు ఉంది. ఉంగరం నాన్న వేలికి ఉంది, నాన్న ఆ టైములో కొట్లో ఉన్నాడు. అడిగి మరీ కనుక్కున్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు భయం కంటే కోపం ఎక్కువొచ్చింది. నేను అబద్ధం చెప్పలేదు కదా, మరి ఎందుకు కొట్టినట్టు? భ్రమ అయినా సరిగ్గా ఏడవొద్దా? ఇంటికెళ్ళి, మానేసిన ఇన్నాళ్ళకు మళ్ళీ రివ్యూ రాశాను. ఆ చివరి చూపు గురించే ఒక పేరా రాశాను. సినిమా మొత్తానికి ప్రాణం ఆ వెనక్కి తిరిగి చూడటంలోనే ఉందని.

మర్నాటికి కింద కామెంట్లు వచ్చాయి. యానాం నుంచి ఒకాయన రాశాడు: “మేడమ్‌గారు, ముసలాయన అసలు వెనక్కి తిరగడు కదండీ. మీరు ఏ సినిమా చూశారు?” తర్వాత ఇంకో ఇద్దరు అదే మాట. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళ నోరు మూయిద్దామని అదే హాలుకు, అదే ఆటకు మళ్ళీ వెళ్ళాను.

ఆ ముసలాయన నడిచాడు. తలుపు దాకా వెళ్ళాడు. ఆగాడు. వెనక్కి తిరగలేదు. లోపలికి వెళ్ళిపోయాడు, తలుపు మూసుకుంది.

హాలు మేనేజరును అడిగాను, మధ్యలో ఏమైనా కత్తిరించారా అని. మొదటి రోజు నుంచి ఇదే బొమ్మండి అన్నాడాయన. రివ్యూలో ఆ పేరా తీసేసి, పొరపాటు నాదేనని రాశాను. ఇన్నేళ్ళలో అలా రాయడం అదే మొదటిసారి.

కళ్ళనిండా నీళ్ళతో చూశాను, తిరిగి చూస్తే బాగుండునని అనుకున్నాను, చూసినట్టే కనపడింది. అంతవరకూ ఎవరైనా ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. కుర్చీ చప్పుడంటారా, పాత కుర్చీ అయితే సరే, అది కొత్తది. పోనీ దానికీ ఏదో కారణం ఉందనుకుందాం. కానీ రెండున్నర గంటల సినిమాలో, నేను చెప్పిన వందల మాటల్లో, నిజం కాని ఆ ఒక్క మాట దగ్గరే ఎందుకు మోగింది? అది అబద్ధమని అప్పటికి నాకే తెలియదు. ఆ తర్వాత చాలా సినిమాలకు పక్క సీటు తీసుకుని వెళ్ళాను. కావాలని అబద్ధాలు కూడా చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ మోగలేదు.

ఒక్కటి మాత్రం తేలిపోయింది. నాకే తెలియని అబద్ధాన్ని పట్టుకున్నవాడు, నేను తెలిసి తెలిసి చెప్పినదాన్ని పట్టుకోలేదంటే నేను నమ్మను. ఆసుపత్రిలో బాబాయికి తెలుసు. మరి ఎందుకు కొట్టలేదు? నా మీద జాలిపడి ఊరుకున్నాడని చాలాకాలం అనుకున్నాను.

ఈ మధ్య కొట్లో కూర్చుని ఉంటే ఆ పొద్దున్న మళ్ళీ కళ్ళ ముందు మెదిలింది. ఆయన ఒక చెయ్యి చెక్కకు కట్టేసి ఉంది. రెండోదాన్ని నేను నా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఆసుపత్రి వాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా వదల్లేదు.