డీజిలులో నానుతున్న తుపాకి

కోట ఊళ్లో తుపాకులు బాగుచేసే బెన్హర్‌కి పెట్రోలు పేరెత్తితేనే ఒళ్లు మండేది. ఆయన పోలీసు ఆయుధాగారంలో పనిచేసే రోజుల్లో, పక్కనున్న కానిస్టేబులు తలుపులు మూసిన గదిలో పెట్రోలుతో తుపాకి భాగాలు కడుగుతూ ఫ్యాను స్విచ్చి వేశాడు. గది భగ్గుమంది. నిలువునా కాలుతూ వచ్చి బెన్హర్‌ని వాటేసుకుంటే, బెన్హర్ విదిలించుకుని బయటపడ్డాడు. కానిస్టేబులు మర్నాడే పోయాడు. అతని చేతులు పట్టిన చోట బెన్హర్ మెడ మీద ఇప్పటికీ మచ్చలున్నాయి.

అందుకే రిటైరై సొంత షెడ్డు వేసుకున్నాక కిరసనాయిలు తప్ప మరొకటి ముట్టలేదు. రేషన్లో అది ఆగిపోయాక డీజిలుకి మారాడు. పెట్రోలు నిమిషాల్లో వదిలించే మురికిని డీజిలు నింపాదిగా వదిలిస్తుంది, ఒక రాత్రయినా నానాలి. అయితేనేం, పెట్రోలులా ఉన్నపళంగా అంటుకోదు. అదైనా ఆరుబయట, మూత ఉన్న ఇనప ట్రేలోనే. ఈ చాదస్తానికి జనం నవ్వేవాళ్లు. నవ్వడానికేం, కాలేది వాళ్ల ఒళ్లు కాదుగా.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. సముద్రపు గాలికి అక్కడి గదిలో తుప్పుపట్టి తిరిగొస్తాయి. మొన్నటి ఎన్నికల తర్వాత రొయ్యల చెరువుల పెంచలకృష్ణ కూడా తన డబుల్ బ్యారెల్ తెచ్చిచ్చాడు. అడవి పందుల కోసం తీసుకున్న తుపాకి అది. బెన్హర్ దాన్ని విప్పి, చిన్న భాగాలన్నీ డీజిలులో వేశాడు.

ఆ మధ్యాహ్నమే పెంచలకృష్ణ మళ్లీ వచ్చాడు. ముక్కు పగిలి చొక్కా అంతా నెత్తురు. అతని బావమరిది వెంకయ్య తెగులొచ్చిన చెరువు నీళ్లు కాలవలోకి వదిలేశాడు. ఆ నీళ్లు పారి పెంచలకృష్ణ రొయ్యలన్నీ చచ్చాయి. అడగబోతే వెంకయ్య ఇనప పైపుతో కొట్టాడు.

"తుపాకి ఇయ్యి బెన్హరన్నా."

"ఇంకా నానతా ఉంది."

"ఈ పొద్దే కావాల. వాణ్ణి కాలవ గట్టు మీదనే కాల్చేస్తా."

బెన్హర్‌కి పెంచలకృష్ణ సంగతి తెలుసు. అన్నంత పనీ చేసే మనిషి. ఆ తుపాకి ముక్కలుగా ఉన్నంతసేపే వెంకయ్య ప్రాణాలతో ఉంటాడు.

"రేపు రా అబ్బయా. తొందరపెడితే అయ్యే పని కాదు ఇది."

పెంచలకృష్ణ విసురుగా వెళ్లి, ఎదుటి అంగట్లో నీళ్ల సీసాలో అమ్మే పెట్రోలు పట్టుకొచ్చాడు. మూత తిప్పేసి ట్రే వైపు వంగాడు. బెన్హర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. మూతి మీద పిడిగుద్దు పడింది, పన్ను ఊడి నాలుక మీదికొచ్చింది. బల్ల మీదున్న తుపాకి చెక్క మడమ అందుకుని బెన్హర్ అతని మోకాలి మీద పెళ్లున కొట్టాడు. పెంచలకృష్ణ కూలబడ్డాడు. సీసా ఒలికి అతని లుంగీ తడిసింది, మిగతాది గోడవారగా పారింది. గోడ చివర బెన్హర్ భార్య రెబెక్కమ్మ దోసెలు పోస్తోంది.

"పొయ్యి ఆర్పు" అని అరిచాడు బెన్హర్.

ఆవిడ తల తిప్పేలోపే మంట నేల వెంబడి వచ్చి పెంచలకృష్ణను అందుకుంది. అతను పెట్టిన కేక మనిషి కేకలా లేదు. రెబెక్కమ్మ బిందె ఎత్తబోతే బెన్హర్ దాన్ని కాలితో తన్నేశాడు. నీళ్లు పోస్తే పెట్రోలు ఇంకా పాకుతుంది. ట్రే పక్కన ఎప్పుడూ తడిపి ఉంచే గోనెపట్టాలు లాగి, వాటితో సహా తనే అతని మీద పడ్డాడు. కాలుతున్న చేతులు మళ్లీ ఆయన మెడనే పట్టుకున్నాయి. ఈసారి బెన్హర్ వదిలించుకోలేదు, వదలనూ లేదు. మంట ఆరేదాకా అతన్ని నేలకేసి అదిమి, మట్టిలో పొర్లించాడు.

తల ఎత్తేసరికి గేటు దగ్గర వెంకయ్య నిలబడి ఉన్నాడు. కొట్టింది చాలక ఇనప పైపు పట్టుకుని వెంటపడి వచ్చాడు. బావ తొడల మీద ఊడి వేలాడుతున్న చర్మం చూడగానే పైపు జారిపోయింది. ఏడుస్తూనే అతన్ని గేటు బయటున్న తన రొయ్యల మేత వ్యానులోకి ఎత్తి, తనే స్టీరింగు పట్టుకున్నాడు.

వెనక బెన్హర్ ఒళ్లో పెంచలకృష్ణ తల ఉంది. అతని పెదాలు కదిలాయి.

"తుపాకి కడిగినావా అన్నా?"

ముందు వెంకయ్య భుజాలు బిగుసుకున్నాయి. బెన్హర్ నోట్లోని నెత్తురు మింగాడు.

"ఇంకా నానతా ఉంది. పడుకో."