ద్రాక్షరసం మీద ఈగలు

మా వదిన ప్రభువునందు నిద్రించిందన్న కబురు పోయిన మంగళవారం నెల్లూరు ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆమె నా భర్తకు అక్క. ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు చెప్పి, రిటైరయ్యాక ఉదయగిరిలో మా ఇంట్లోనే ఉంది. భూస్థాపన దగ్గర నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను గానీ అందరూ చూస్తుంటే నోరు పెగల్లేదు. కూర్చున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

బస్సు ఆపమని గట్టిగా అడగడానికి కూడా సిగ్గుపడే మనిషిని నేను. వదినకు సిగ్గంటే ఏమిటో తెలియదు. ఆమెతో ఉన్నన్నాళ్లూ ఆమె పడాల్సిన సిగ్గు కూడా నేనే పడ్డాను.

రెండేళ్ల కిందట పెరట్లో పాదు తవ్వుతుంటే తెల్లటి గుడ్లు బయటపడ్డాయి. వదిన వాటిని తిరగబడకుండా మట్టితో సహా కుండలోకి ఎత్తింది. నెలలు గడిచి నేను ఆ మాటే మరిచిపోయాక, ఒక పొద్దున కుండలో వేపాకంత ఊసరవెల్లి పిల్లలు కదులుతున్నాయి.

"బైబిల్లో అపవిత్రమని రాసిన జీవి గదా వదినా, ఇంట్లో పెట్టుకోవచ్చా?" అన్నాను భయంగా.

"దాన్ని తినొద్దన్నారమ్మే. దానికి తిండి పెట్టొద్దని ఎవురన్నారు?"

కుండీలోని జామ మొక్క చుట్టూ దోమతెర కట్టి పిల్లల్ని అందులో వదిలింది. వాటికి పురుగులు ఏరడం మా ఇద్దరి పనైంది. పిల్ల రెండు కళ్ల మధ్య ఎంత ఎడముందో చూసుకో, పురుగు అంతకు మించకూడదు అనేది. మిడతల్లో అప్పుడే పుట్టినవే పట్టాలి. చీమలు వద్దు, తిరిగి కరుస్తాయి. మందు కొట్టిన చేలోది ఎంత చిన్న పురుగైనా వద్దు. చచ్చినది వేస్తే అసలు చూడవు. "కదలకపోతే అది తిండని వాటికి తెలీదు," అనేది. మిగిలిన మిడతలు నిద్రపోయే పిల్లల్ని కొరుకుతాయని సాయంత్రానికల్లా తీసేసేది. అన్నిటికంటే ఇష్టంగా తిన్నవి మురిగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు. అరటిపండు ముక్క వేసిన సీసాలో వాటిని పెంచేది. నేను ఈ పనంతా వీధి తలుపు వేసుకుని చేసేదాన్ని.

ఒక శనివారం ఆ సీసాలోకి చీమలు దూరి ఈగల్ని మిగలనివ్వలేదు. ఎండాకాలం, పెరట్లో మిడత కూడా లేదు. ఆ పూటే ఆత్మకూరులో పెళ్లికి పోయి, రాత్రి అక్కడే ఉండిపోయాము. పిల్లలు ఆకలితో ఉన్నాయని వదినకు పెళ్లి భోజనం కూడా సయించలేదు. ఆదివారం తెల్లవారగానే నన్ను బస్టాండులో పండ్ల బండి దగ్గరికి లాక్కుపోయింది.

"బాగా మురిగినియ్యి ఉండాయా భాయ్?"

"ఏందక్కా, పెళ్లికొచ్చి మురిగిన పండ్లు అడగతుండారు? చుట్టాలకా?"

"కాదు, పసిబిడ్డలకి."

బండి ఆయన నోరు తెరిచాడు. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. వదిన బండి కిందికి వంగి, పారేసిన పండ్ల మీద వెంట తెచ్చుకున్న సీసా బోర్లించి, ఒక పండు ముక్కతో సహా ఈగల్ని పట్టింది. మూతికి గుడ్డ కట్టి నా సంచిలో పెట్టింది.

బస్సు ఆలస్యమైంది. ఇంటికి పోయి వద్దామని వదిన అంది. ఆ రోజు ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆదివారం, తప్పకూడదని నేను నేరుగా చర్చికి నడిపించాను. సంచి బెంచీ కింద పెట్టాను.

బస్సు కుదుపులకు గుడ్డ ఎప్పుడు వదులైందో తెలియదు. అయ్యగారు ద్రాక్షరసం కప్పుల మీద తెల్లగుడ్డ తీసి ప్రార్థన మొదలుపెట్టారు. కళ్లు తెరిచేసరికి కప్పుల మీద ఈగలు.

ముందు బెంచీ ఆమె వెనక్కి తిరిగింది. "ఎవురి సంచిలోంచి వస్తుండాయి ఇయ్యి?"

అందరూ నా వైపు చూశారు. నా చెవులు కాలిపోయాయి. అయ్యగారు చేయి విసరబోయారు.

"చంపబాకండి అయ్యగారూ!" వదిన లేచింది. "మా బిడ్డల కూడు అది."

సీసా తీసుకుని నడిచి పోయి బల్ల మీద పెట్టింది. కప్పుల మీద తెల్లగుడ్డ మళ్లీ కప్పింది.

"ఇంకెంతసేపు టీచరమ్మా?" అన్నారు అయ్యగారు.

"ఒక పాట పాడించండి. రసం అందకపోతే పండు కాడికే వస్తాయి."

పాట పాడారు. సగం మంది నవ్వుతూనే పాడారు. ఈగలు కొన్ని సీసాలోకి తిరిగి వచ్చాయి. కప్పుల పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు తల ఎత్తలేక పక్కకు జరిపేశాను. ప్రభువు బల్ల కోసమని అంత దూరం పరుగెత్తి, సిగ్గుతో ఆ పూట తీసుకోలేదు. వదిన తీసుకుంది.

ఇంట్లో దోమతెర ఎత్తి సీసా పెట్టగానే ఒక పిల్ల కన్ను తిప్పింది. నాలుక సాగింది. ఈగ లేదు. వదిన నా చేయి పట్టుకుంది.

"తిన్నాడు చూడమ్మే," అంది. చర్చి సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

వానలు పడ్డాక పిల్లల్ని ఉదయగిరి కొండ కింది పొదల్లో వదిలేశాము.

మొన్న ఆదివారం ప్రభువు బల్ల. నా పక్కన ఆమె చోటు ఖాళీగా ఉంది. కప్పు చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడి నుంచో ఒక చిన్న ఈగ వచ్చి కప్పు అంచు మీద వాలింది. అందరూ తాగేశారు. ముందు బెంచీ ఆమె వెనక్కి తిరిగింది. అయ్యగారు నా కోసం ఆగారు. ముఖం కాలిపోతోంది. ఈగ ముందుకాళ్లు రుద్దుకుంటోంది. అది తనంతట ఎగిరేదాకా నేను కదల్లేదు.