తల వెనక ఎముక

మృగశిర కార్తె, మా మాటలో మిరుగం, మొదలయ్యే రోజు చేప తినని ఇల్లు మా వైపు అరుదు. ఆ ఒక్క రోజు చేవెళ్ల రోడ్డు పొడవునా చేపల టబ్బులే. చేపల ఆఫీసరునైన నాకు మాత్రం అది పండగ కాదు, తలనొప్పి. నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను ఎవరు అమ్మినా పట్టుకోవాలి, కేసు రాయాలి, మధ్యాహ్నానికల్లా ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

ఒక ఏడాది మిరుగం రోజు పొద్దున్నే మొయినాబాద్ అవతల ఒక ఫామ్‌హౌస్‌కు వెళ్లాం. కోళ్ల వ్యర్థాలు మేపి అక్కడ ఆ చేపలనే పెంచుతున్నారని నాకు ఖాయంగా తెలుసు. ప్రహరీ బయటికే కుళ్లు వాసన గుప్పుమంటోంది. గేటు తీయలేదు. నా ఫోను మాత్రం మోగింది. తర్వాత చూద్దాం, వచ్చేయ్ అన్నాడు పైఅధికారి. గేటు ముందు అంతసేపు గొంతు చించుకున్నవాణ్ని, పిల్లిలా తిరిగొచ్చి జీపెక్కాను. వెంట ఉన్న కానిస్టేబుల్ నా ముఖం చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ సిగ్గు మింగుడుపడలేదు.

చేవెళ్ల చేరేసరికి అదే పైఅధికారి మళ్లీ ఫోన్. అందరి ఫోటోలూ వచ్చాయి, నీదేది అని అడిగాడు. అప్పుడే కనిపించింది, రోడ్డు పక్కన గొడుగు కింద ఒక టబ్బు పెట్టుకుని కూర్చున్న అరవై దాటిన అవ్వ. టబ్బులో నల్లటి మీసాల చేపలు. పొద్దున గేటు దగ్గర దిగమింగిన కోపమంతా ఆమె మీద కక్కాను. ఇవి నిషేధించిన చేపలు, లెయ్ అని గద్దించాను.

ఆమె బెదరలేదు. ముల్లు గుచ్చుకోకుండా ఒక చేపను ఒడుపుగా పట్టి నా ముందుకు చాపింది.

"గీ తలకాయ ఎనక జూడు సారూ. మా చెరువుల పట్టిన నాటు మార్పులివి. ఫారం చేపలు గావు."

చూశాను. మార్పు అనే మన నాటు చేపకూ ఆ విదేశీ చేపకూ రంగు, మీసాలు, వాలకం అన్నీ ఒక్కలాగే ఉంటాయి. తేడా తల వెనక ఎముకలో ఉంటుంది. విదేశీ దానికి మూడు కొసలు, నాటుదానికి ఒక్కటే. శిక్షణలో మాకు మొదట నేర్పింది అదే. ఆమె చేతిలోని చేపకు ఒక్కటే ఉంది. పొరపాటైంది అవ్వా అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ జనం మూగారు, సెల్‌ఫోన్లు పైకి లేచాయి, కానిస్టేబుల్ పంచనామా మొదలుపెట్టేశాడు. ఒకే పూటలో రెండోసారి వెనక్కి తగ్గడానికి నాకు మనసొప్పలేదు.

అప్పుడు ఆమె గొంతు తగ్గించింది. భర్త పోయాక, చేపల సంఘంలో అతని సభ్యత్వం ఆమె పేరు మీదికి వచ్చిందట. ఆ పేరు ఉంటేనే చెరువులో వాటా, వాటా ఉంటేనే ఈ టబ్బు.

"కేసైతే సంఘంల పేరు కొట్టేస్తరు సారూ. చేపలు కావల్నంటే గుంజుకపో. నా పేరు మాత్రం రాయకు."

రాయించాను. కింద సంతకం కూడా పెట్టాను.

నిబంధన ప్రకారం చేపలను గుంటలో పోసి, సున్నం చల్లి పూడ్చేశాం. మార్పు గాలి పీల్చే చేప, నీళ్లు లేకున్నా చాలాసేపు బతుకుతుంది. పూడ్చిన మట్టి కాసేపు కదులుతూనే ఉంది. దాన్నే ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పైఅధికారి మెచ్చుకుంటూ బొటనవేలి గుర్తు పంపాడు.

ఒప్పేసుకుంటే కేసు తొందరగా తెగిపోతుందని వకీలు చెప్పడంతో ఆమె కోర్టులో తప్పు ఒప్పుకుంది. నాటువని చూపించడానికి చేపలు లేవు కదా. గుర్తుపట్టడంలో ఏమైనా సందేహం ఉందా అని జడ్జి నన్ను అడిగారు. లేదన్నాను. నాకు నిజంగానే సందేహం లేదు, ఆ చేప ఏదో తెలిసే అన్నాను. ఛీ, ఏం బతుకు! నెల తిరక్కుండానే సంఘం ఆమె పేరు తీసేసింది.

మరుసటి ఏడు మిరుగానికి ఆమె అదే రోడ్డు మీద, ఎవరిదో దుకాణం ముందు, గిరాకీలకు చేపలు కోసిపెడుతూ కనిపించింది. క్షమించమని అడగాలని జీపు దిగాను. దగ్గరికి వెళ్లాను. ఆమె పక్కన గంపలో మీసాల చేపలున్నాయి. క్షమాపణకు బదులు, ఇవి నాటువేనా అవ్వా అని అడిగాను.

ఆమె కత్తిపీట మీది చెయ్యి ఆపింది. గంపలోంచి ఒక చేపను తీసి, తల వెనక భాగం నాకు కనిపించేలా తిప్పి పట్టుకుంది.

"నువ్వే చెప్పు సారూ. నువ్వేదంటే గదే గదా."

నాటువే అన్నాను.

"పోయినేడు గూడ నాటువే," అని ఆమె ఆ చేపను కోయసాగింది.