పిడుగురాయికి తెచ్చిన కోడిపుంజు

ఆముదం వాసన తగిలితే అందరికీ కడుపులో తిప్పుతుంది, నాకు మాత్రం దేవసహాయం అయ్యవారు గుర్తొస్తారు. ఈ పొద్దు మా కోడలు తలుపు బందులకు ఆముదం పూస్తూ ఉంటే, దొరల కాలంలో మైదుకూరు చర్చి పక్క గదిలో బీరువా కిర్రుమనకుండా ఆయన పూస్తూ ఉండడం కళ్లముందుకొచ్చింది. నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు, ముప్పై దాటాక దొరికిన అయ్యవారు ఆయన.

ఆ గదిని ఆయన మ్యూజియం అనేవారు. రాళ్లు, కుండపెంకులు, చిలుము పట్టిన నాణేలు, ఒక్కోదాని పక్కన చీమతలంత అక్షరాలతో ఒక చీటీ. సంతరోజు కూడా ఈగలే వచ్చేవి. జనం రాకపోతే గదిని గింజలు పోసుకోవడానికి వాడుకుంటామని చర్చి సంఘం పెద్దలు చెప్పేశారు. అప్పుడు అయ్యవారు జట్కా తోలుకునే నన్ను పిలిచి, "నీకు నోరుండాది. జనాన్ని పిలుచుకరా" అన్నారు.

పిలుచుకొచ్చాను. చీటీల జోలికి పోకుండా, ఒక నున్నటి నల్లరాయిని చూపించి, "ఇది పిడుగప్పా! ఆకాశం నుంచి పడింది. ఇదుంటే వాన రాక తప్పదు" అనేవాణ్ణి. జనం విరగబడ్డారు. అయ్యవారి ముఖంలో సంతోషమూ, పంటినొప్పీ ఒకేసారి కనిపించేవి.

"అది రాతిగొడ్డలిరా. ఇనుము తెలియని కాలంలో మన ముందోళ్లు చేసుకున్నది. చీటీలో రాసినా గదా."

"ఆ చీటీ చదివేకి ఎవరొస్తారు ఐవారూ? నవ్వేకి వస్తారు."

"వచ్చినోడు పోయేటప్పుడు ఏం ఎత్తుకపోతాండాడు?"

 ఇట్లాంటి ప్రశ్నలకు నేను ఈల వేస్తాను.

తర్వాతి సంతకు నాగప్ప అనే ముసలి రైతు వచ్చాడు. చంకలో ఎర్ర పుంజు, పంచె కొంగున పసుపు. "యాడుండాదప్పా ఆ పిడుగు? రెండేండ్లుగా జొన్న ఎండిపాయ. ఈ పుంజును కోసి, రాయిని చేనికి ఎత్తుకపోతా" అన్నాడు. చర్చి పక్కన కోడి కోస్తాడని గదంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అయ్యవారు నా వైపు చూసి, "చెప్పు" అన్నారు. అంతే.

"పెద్దాయనా, నేను ఆటకు చెప్పినా. అది పిడుగు కాదు."

"కోడి కూయకముందు బయలుదేరి నడిచొచ్చినా నీ మాట పట్టుకొని" అన్నాడు ముసలాయన. తిట్టి ఉంటే బాగుండేది.

అయ్యవారు బీరువా తెరిచి, చీటీని పక్కన పెట్టి, రాయిని ఆయన చేతికిచ్చారు. "నువ్వే చూడు నాగప్పా, ఇది దేనికో."

నాగప్ప కొడవలి పదును చూసుకునేవాడిలా అంచు మీద బొటనవేలు జరిపాడు. "నూరినారే దీన్ని! ఈడ కట్టె బిగించేది. గొడ్డలప్పా ఇది! ఎవడో నాలాంటోడే, శానా దినాలు కూచోని నూరినాడు." రాయిని తిరగేసి, "వానికీ వాన ఎగ్గొట్టి ఉంటాది. అయినా బతికినాడు గదా" అన్నాడు.

తర్వాతి సంతకు నాగప్ప ఆరుగురిని వెంటబెట్టుకొచ్చి, నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, గొడ్డలి సంగతి తనే చెప్పాడు. ఆ రాయి బీరువాలోంచి గుమ్మం దగ్గరి బల్ల మీదకు వచ్చింది, అందరూ పట్టుకుని చూడటానికి. గింజల మాట పెద్దలు మళ్లీ ఎత్తలేదు. మా మ్యూజియం వల్ల నిజంగా బాగుపడింది కత్తి తప్పించుకున్న ఆ పుంజొక్కటేనని అయ్యవారిని ఆటపట్టించేవాణ్ణి. ఆయన నవ్వి, ఆముదం గిన్నె నా చేతిలో పెట్టేవారు.

నేను ఇప్పటికీ జనాన్ని నవ్విస్తూనే ఉంటాను, అది పోయే రోగం కాదు. కాకపోతే నోరు తెరిచే ముందు, వినేవాడు ఎంత దూరం నడిచొచ్చాడో, తిరిగి పోయేటప్పుడు చేతిలో ఏముంటుందో ఒకసారి చూసుకుంటాను.